ప్రోత్సాహం తట్టుకోలేని ఇంగ్లీషు టీచరు

మా వెదుళ్ళపాలెం హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం మధ్యలో కొన్నాళ్ళు ఎందుకు ఆగిపోయిందని అడిగినవాళ్ళందరికీ నేను ఒకటే సమాధానం చెబుతాను. ఇంగ్లీషు టీచరును ప్రోత్సహించడం వల్ల.

నేను అదే స్కూల్లో తెలుగు మాస్టారిని. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ మొన్నటిదాకా నన్ను ఎవరూ ప్రోత్సహించలేదు. అందుకే ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పగలిగాను.

మా ఇంగ్లీషు టీచరు పేరు సువర్చల. ఆవిడ వచ్చిన కొత్తలో పదో తరగతి పిల్లలు ఇంగ్లీషు పీరియడ్ అంటే బల్లల కింద దూరేవాళ్ళు. ఈవిడ ఊళ్ళో పెళ్ళిళ్ళయిన ఇళ్ళన్నీ తిరిగి పాత శుభలేఖలు పోగుచేసింది. వాటి వెనక ఖాళీ జాగాలో బొమ్మలు వేసి, కింద ఇంగ్లీషు మాటలు రాసి, పిల్లలకు పంచి ఆటలు ఆడించేది. ఒకవైపు వధూవరుల పేర్లు, రెండోవైపు ఏనుగు బొమ్మ. ఆ కట్టను రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుని తిరిగేది.

ఆ క్లాసులో పైడితల్లి అని ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ పిల్ల తెలుగులోనే పిలిస్తే పలకదు, ఇంక ఇంగ్లీషు సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటిది వానాకాలం పోయేసరికి ఒకరోజు లేచి నిలబడి ఒక వాక్యం పూర్తిగా చదివింది. సువర్చల టీచరు స్టాఫ్ రూముకు పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, పైడితల్లి నోరు విప్పింది!" అని చెప్పి కళ్ళు తుడుచుకుంది. పబ్లిక్ పరీక్షల నాటికి ఆ క్లాసులో ప్రతి పిల్లా భయం లేకుండా నాలుగు మాటలు మాట్లాడాలని ఆవిడ పట్టుదల.

సరిగ్గా అప్పుడే సర్క్యులర్ వచ్చింది.

మా హెడ్మాస్టరు త్రినాథరావు గారు దాన్ని ప్రార్థనలో గట్టిగా చదివారు. ఉన్నత పాఠశాలలలో ఆంగ్ల బోధన కుంటుపడుటకు గల కారణములను నిపుణుల సంఘము లోతుగా పరిశీలించినదట. ఆంగ్లోపాధ్యాయులకు ప్రోత్సాహము, తరగతి గదులకు వనరులు కొరవడుటయే మూలకారణమని తేల్చినదట. కావున ఈ సంవత్సరము ఆ రెండింటిని మిషన్ మోడ్‌లో అందజేయుదురట.

సువర్చల టీచరు మొహం వెలిగిపోయింది. "ఒక స్పీకరు, నాలుగు కథల పుస్తకాలు ఇస్తే చాలు మాస్టారూ. ఈ పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోతాను" అంది. పాపం, పిచ్చి తల్లి.

వనరులు ముందు వచ్చాయి. వ్యాన్లో వచ్చాయి. నిజం చెప్పాలంటే చాలా మంచి వనరులు. నున్నటి రంగుల బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు, స్పీకరు, అయస్కాంతం అక్షరాలు, చేతికి తొడుక్కుని ఆడించే గుడ్డ బొమ్మలు. వాటిలో జూలున్న సింహం ఒకటి ఉంది. దాన్ని చూసి నాకే చెయ్యి దూర్చాలనిపించింది.

వాటి వెనకాలే జిల్లా ప్రోత్సాహాధికారి భానోజీరావు గారు కారు దిగారు. ఈ పథకం కోసమే పుట్టిన పదవి అది. కారు దిగుతూనే ఆయన, "వనరులు అనేవి జాతి సంపద. వీటిని తరగతి గదిలోనే ఉంచాలి. బీరువాలో దాచే పాత పద్ధతికి స్వస్తి!" అన్నారు.

మేమంతా చప్పట్లు కొట్టాం.

"అయితే" అన్నారాయన, "క్షేత్రస్థాయి అధ్యయనంలో తేలిన విషయం ఏమిటంటే, తరగతి గది వనరులు పాడవడానికి ప్రధాన కారణం విద్యార్థులు. కాబట్టి వనరులు ఉన్న గదిలో విద్యార్థులు ఉండరాదు."

"మరి విద్యార్థులు ఎక్కడ ఉండాలి సార్?" అని సువర్చల టీచరు అడిగింది.

"ఆ అంశం మా శాఖ పరిధిలోకి రాదమ్మా. మాది వనరుల వరకే."

ఆ సాయంత్రమే పదో తరగతి గదికి తాళం పడింది. తలుపు మీద 'ఆంగ్ల వనరుల గది' అని బోర్డు వేలాడదీశారు. కిటికీకి తెర కూడా కట్టారు, ఎండ తగిలి కార్డుల రంగు వెలుస్తుందని. పదో తరగతి సైకిల్ స్టాండు పక్క వరండాలోకి మారింది. వెళ్ళే ముందు భానోజీరావు గారికి సువర్చల టీచరు సంచిలో శుభలేఖల కట్ట కనబడింది. అవి ఆమోదం లేని వనరులని చెప్పి, వాటిని కూడా గదిలో పెట్టించి తాళం వేయించారు.

వనరుల సంగతి అలా పూర్తయ్యాక ప్రోత్సాహం మొదలైంది.

ఇంగ్లీషు టీచరును హెడ్మాస్టరు రోజూ ప్రోత్సహించాలి. ప్రోత్సహిస్తుండగా ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. అది కూడా ఇంగ్లీషు పీరియడ్‌లోనే జరగాలి. టీచరు కచ్చితంగా బడిలో దొరికే సమయం అదేనని పై వాళ్ళ లెక్క. ఫొటోలో టీచరు మొహం మీద ఉత్సాహం ఎంతుందో యాప్ కొలుస్తుంది. చాలకపోతే తిప్పి పంపుతుంది.

మా త్రినాథరావు గారు లెక్కల మనిషి. సొంత కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినప్పుడు కూడా ఊఁ అని ఊరుకున్నాయన. అలాంటాయన్ను రోజూ ఒక మనిషిని మెచ్చుకోమంటే ఏం చేస్తారు? మొదటిరోజు శాలువా చేత్తో పట్టుకుని చాలాసేపు నీళ్ళు నమిలారు.

"టీచర్ గారూ, మీరు… మరేటంటే… బాగా నిలబడ్డారండీ."

"థాంక్యూ సార్. క్లాసుకు వెళ్ళనా?"

"ఆగండమ్మా, ఎక్కడికెళ్తారు? యాప్ తిప్పి పంపేసింది. ఉత్సాహం చాల్లేదంట. ఇంకొంచెం పళ్ళు కనపడాలి."

ఇంకొంచెం పళ్ళు కనబడేసరికి బెల్లు కొట్టేశారు. ఆ తర్వాత రోజూ అంతే. శాలువా ఒకటే. కప్పడం, ఫొటో తీయడం, మడతపెట్టి బీరువాలో పెట్టడం. వారానికొకసారి మండల కేంద్రంలో సామూహిక ప్రోత్సాహం ఉంటుంది, నెలనెలా జిల్లాలో మహా ప్రోత్సాహం. ఆ రోజుల్లో బడికి రావడమే ఉండదు. పనిచేసినవాళ్ళను మెచ్చుకోవడం నేను విన్నాను గానీ, మెచ్చుకోవడం కోసం పని మాన్పించడం చూడడం అదే మొదలు.

ప్రోత్సాహ సమయంలో తరగతి ఖాళీగా ఉండరాదని ఇంకో సర్క్యులర్ వచ్చింది. అందువల్ల పదో తరగతికి ఇంగ్లీషు చెప్పే బాధ్యత నా నెత్తిన పడింది. ఇంగ్లీషులో నేను డిగ్రీ ఎలా పాసయ్యానో నన్నూ దేవుణ్ణీ తప్ప ఎవరినీ అడగకూడదు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, కాబట్టి ఇంగ్లీషు పాఠాన్ని పద్యంలా రాగం తీసి చదివించాను. రైలు ప్రమాదం గురించిన పాఠం మోహన రాగంలో బాగా కుదిరింది. సైకిల్ స్టాండు దగ్గర జనం ఆగి విన్నారు. పిల్లలకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు.

పైడితల్లి మళ్ళీ తల వంచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు క్లాసు అయిపోయాక నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మా టీచరు గోర్ని ఇంకా ఎన్నాళ్ళు పొగుడుతారండీ?" అని అడిగింది.

"ఆవిడకు ఉత్సాహం వచ్చేదాకానమ్మా."

"ఆయమ్మకి ముందే ఉండీది కదండీ!"

ఆ పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. కష్టపడి తెరిచిన నోరు, మా కళ్ళెదుటే మూసుకుపోతోంది.

జనవరిలో మహా ప్రోత్సాహానికి నేను కూడా వెళ్ళాను. సువర్చల టీచరుకు తోడుగా ఒకరు 'ప్రోత్సాహ సాక్షి'గా రావాలన్నారు. హాలు నిండా జిల్లాలోని ఇంగ్లీషు టీచర్లు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. భానోజీరావు గారు మైకు పట్టుకుని గంట కొట్టినట్టు మాట్లాడారు.

"మిత్రులారా! మన జిల్లాలో ప్రోత్సాహ సాంద్రత గణనీయంగా పెరిగింది. ప్రతి ఆంగ్లోపాధ్యాయుడు నిద్ర లేచింది మొదలు ప్రోత్సహించబడుతున్నాడు. మీ అభిప్రాయాలు నిర్భయంగా చెప్పవచ్చును."

నిర్భయంగా చెప్పమంటే ఎవరూ చెప్పకూడదని అందరికీ తెలుసు. సువర్చల టీచరు ఒక్కర్తీ లేచింది.

"సార్, నాకు ప్రోత్సాహం చాలండీ. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. దయచేసి నా గది తాళం, నా పీరియడ్ నాకు ఇచ్చెయ్యండి. పాఠం చెప్పుకుంటాను."

భానోజీరావు గారి కళ్ళలో నిజంగానే జాలి కనబడింది. "చూశారా? తీవ్ర నిరుత్సాహానికి ఇవే లక్షణాలు. ఈమెకు సాధారణ ప్రోత్సాహం సరిపోవడం లేదు. ప్రత్యేక ప్రోత్సాహం మంజూరు చేస్తున్నాను" అన్నారు. పక్కనున్నాయన రాసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర ఆవిడ ముద్ద ముట్టలేదు. ఎదురుగా కూర్చున్న పక్క మండలం టీచరొకావిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా మండలంలో ఒక ఇంగ్లీషు మాస్టారికి ఏదో గొడవలో మెమో వచ్చిందండీ. మెమో వచ్చినవాళ్ళను ప్రోత్సహించకూడదంట. ఆయన్ను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఫొటోల్లేవు, మీటింగుల్లేవు. రోజూ క్లాసుకు వెళ్తున్నాడు. సిలబస్ కూడా అయిపోయిందంట!" అంది.

"సిలబస్ అయిపోయిందా!" అని ఆ బల్ల మీద వాళ్ళందరూ నిట్టూర్చారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సువర్చల టీచరు కిటికీలోంచి చూస్తూ, "మాస్టారూ, నాకు మెమో కావాలి" అంది.

అడిగినంత సులువు కాదు మెమో రావడం. మర్నాడు కావాలని ఆలస్యంగా వచ్చింది. ప్రత్యేక ప్రోత్సాహ బృందం గేటు దగ్గరే బెలూన్లతో ఎదురుచూస్తూ, ఆలస్యంగానైనా వచ్చినందుకు అభినందించింది. ఫొటోలో మూతి ముడుచుకుంటే, యాప్ పాత నవ్వు తీసుకొచ్చి అతికించుకుంది. చివరికి నేరుగా త్రినాథరావు గారి గదిలోకి వెళ్ళి, "సార్, నాకొక మెమో ఇప్పించండి" అని అడిగింది.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఏటమ్మా అది, అంత మాటన్నారు? మిమ్మల్ని ప్రోత్సహించమని నాకు ఆర్డరు. మీకు మెమో ఇస్తే నాకు మెమో వస్తాది. రిటైరవబోతున్నోణ్ణి, నన్నొగ్గేయండి" అని చేతులు జోడించారు. అలవాటు కొద్దీ శాలువా కోసం బీరువా వైపు నడిచారు.

సువర్చల టీచరు బయటకొచ్చి వరండాలో నిలబడింది. సైకిళ్ళ మధ్య కూర్చుని పిల్లలు నా రాగంలో రైలు ప్రమాదం ఆలపిస్తున్నారు. ఒక్క నిమిషం విన్నది. తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి, పాత గది దగ్గరికి వెళ్ళి, గంట కొట్టే ఇనుప కడ్డీతో తాళం మీద ఒక్కటిచ్చింది. తాళం సర్కారు తాళం కాబట్టి మొదటి దెబ్బకే ఊడింది.

"రండర్రా లోపలికి!"

పిల్లలు గుమ్మం దగ్గర ఆగిపోయారు. తమ సొంత గదిలోకి రావడానికి భయపడ్డారు. "టీచర్ గోరూ, పాడైపోతాయేమోనండీ" అన్నాడొకడు.

"పాడవాలిరా. మీరు ఆడుకుంటే పాడవకుండా ఎలా ఉంటాయి?"

ఆ తర్వాత జరిగినదాన్ని నేను గుమ్మంలో నిలబడి చూశాను. ముందు ఒక పుస్తకం తెరుచుకుంది, తర్వాత స్పీకరు మోగింది. కాసేపటికి ఎవరి చేతికి ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మ మాట్లాడుతోంది. కొత్త కార్డులతో పాటు శుభలేఖల కట్ట కూడా బయటికొచ్చింది. జామకాయ తిన్న చేతులతోనే కార్డులు పట్టుకున్నారు, అక్షరాలను కిటికీ చువ్వలకు అంటించారు. సింహం ఎవరికి కావాలో తేలక లాక్కుంటే దాని చెవి ఊడింది. పైడితల్లి ఆ సింహాన్ని చేతికి తొడుక్కుని, దాని వెనక మొహం దాచుకుని, మెల్లిగా ఇంగ్లీషులో గర్జించడం మొదలుపెట్టింది. తాను మాట్లాడటానికి సిగ్గుపడే పిల్ల, సింహం మాట్లాడితే ఏమీ అనుకోలేదు. రోజులు గడిచేకొద్దీ సింహం కిందికి దిగింది, మొహం బయటికొచ్చింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మా త్రినాథరావు గారు ఆ వైపు రావడమే మానేశారు. వస్తే చూడాలి, చూస్తే రాయాలి. యాప్‌లో పాత ఫొటోలే తిప్పి తిప్పి పెట్టారు. నేనే సంగతంతా ఒక పోస్టు కార్డు ముక్క మీద రాసి జిల్లాకు పడేశాను. పైవాళ్ళ మీద పైవాళ్ళకు చాడీ చెప్పడం నాకు చేతకాదు గానీ, ఒక స్నేహితురాలి మీద, ఆవిడే కోరితే, చెప్పగలను.

భానోజీరావు గారు ఆ వారంలోనే ఊడిపడ్డారు. గదిలో అడుగుపెట్టగానే ఆయన మొహం పాలిపోయింది. నలిగిన కార్డులు, పేజీలు మడతపడ్డ పుస్తకాలు, ఒక మీట పోయిన స్పీకరు. ఇవన్నీ తట్టుకున్నారు గానీ, చెవి లేని సింహాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు.

"ఇది… ఇది వాడారు!" అన్నారు.

"అవును సార్, వాడాం" అంది సువర్చల టీచరు.

"వనరులను వినియోగించుట! అది కూడా విద్యార్థుల చేత! ఎవరు? ఈ చెవి ఎవరు పీకారు?"

వెనక బెంచీలోంచి పైడితల్లి లేచి నిలబడింది. బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"సర్, ఐ బ్రోక్ ఇట్" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఐ యామ్ సారీ, సర్. బట్ హి ఈజ్ ఎ గుడ్ లయన్. హి టాట్ మీ టు స్పీక్."

సువర్చల టీచరు కొంగుతో నోరు మూసుకుంది. నేను భానోజీరావు గారి వైపు చూశాను. ఆయన తన వెంట వచ్చిన గుమాస్తా వైపు చూశారు.

"బాలిక నేరం అంగీకరించినది అని రాయి."

గుమాస్తా కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "సార్, ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పిందండీ. అది కూడా రాయమంటారా?"

"ఫారంలో ఆ గడి ఉందా?"

"లేదండీ."

"మరింకేం? ముందుకు పద."

మెమో అక్కడే తయారైంది. ప్రభుత్వ వనరులను వాటి నిమిత్తమై వినియోగించినందులకు, తరగతి గదిని తరగతి గదిగా మార్చినందులకు, ప్రోత్సాహ వేళలలో బోధనకు పాల్పడినందులకు సదరు ఉపాధ్యాయినిపై చర్య తీసుకొనడమైనది. ఈమె ఇకపై ఏ విధమైన ప్రోత్సాహమునకు, సన్మానమునకు, సమావేశమునకు అర్హురాలు కాదు. పాడైన వనరులు పరిశీలనకు పనికిరావు గనుక పాఠశాలలోనే వదిలివేయబడును.

"దీన్ని మీరు ఎప్పటికైనా రద్దు చేస్తారా సార్?" అని సువర్చల టీచరు భయంగా అడిగింది.

"ఎట్టి పరిస్థితుల్లోనూ చేయను!" అని ఆయన గర్జించారు.

ఆవిడ వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన పశ్చాత్తాపం అనుకున్నారు.

ఆ రోజు నుంచి మా స్కూల్లో ఇంగ్లీషు పీరియడ్ మళ్ళీ ఇంగ్లీషు పీరియడ్ అయింది. బెల్లు కొడితే ఆవిడ క్లాసులోకి వెళుతుంది, మళ్ళీ బెల్లు కొడితే బయటికొస్తుంది. ఇంత చిన్న విషయం చూడ్డానికి ఇంత బాగుంటుందని నాకు తెలియదు. సంగతి జిల్లా అంతా పాకింది. ఎక్కడెక్కడి ఇంగ్లీషు టీచర్లో ఆదివారాలు బస్సులెక్కి వచ్చి, సింహం చెవి ఏ వైపుది పీకారని ఆవిడను అడిగి వెళ్ళేవాళ్ళు. చూస్తుండగానే జిల్లాలో సింహాలన్నిటికీ చెవులు పోయాయి.

ప్రోత్సహించడానికి ఇంగ్లీషు టీచర్లు మిగలకపోయేసరికి భానోజీరావు గారు పైకి నివేదిక పంపారు. ఆంగ్ల ప్రోత్సాహము సెంట్ పర్సెంట్ పూర్తయినదని, ఇక ఇతర సబ్జెక్టులకు విస్తరింపజేయవచ్చునని.

మొన్న సోమవారం నేను ఎనిమిదో తరగతికి సంధులు చెబుతున్నాను. గుమ్మంలో త్రినాథరావు గారు కనబడ్డారు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో మడతలు పడ్డ పాత శాలువా. ఆయన మొహంలో నా మీద జాలి స్పష్టంగా కనబడుతోంది.

"మాస్టారూ, మరేటనుకోకండి. ఈసారి తెలుగంట. ఒక్కసారి నవ్వండి" అన్నారు.

నేను సుద్దముక్క అక్కడే పడేసి పక్క క్లాసులోకి పరుగెత్తాను. సువర్చల టీచరు బోర్డు మీద ఏదో రాస్తోంది. ముందు బెంచీలో కూర్చున్న పైడితల్లి గుడ్ మార్నింగ్ చెప్పింది గానీ, నాకు బదులు చెప్పే తీరిక లేదు.

"అమ్మా, నాకు బొమ్మలూ రాలేదు, పీకడానికి చెవులూ లేవు. మెమో రావాలంటే ఏం చెయ్యాలి?"

ఆవిడ ఇటు తిరగనైనా తిరగకుండా, రాస్తున్నది రాస్తూనే చెప్పింది.

"వెనక్కి వెళ్ళి పాఠం చెప్పండి మాస్టారూ. మెమో దానంతటదే వస్తుంది."